తేనెటీగకు జానెడు దూరంలో

అమలాపురం చుట్టుపక్కల తేనెటీగ రాని పెరడు అరుదు. తులసికోట దగ్గర, మునగపూత మీద, అరటిపువ్వు రేకుల కింద, బోదెగట్ల మీద మొలిచే గడ్డిచామంతుల్లో పొద్దెక్కేసరికి వాటి పని మొదలైపోతుంది. కెమెరా పట్టిన కుర్రకారుకు ఇంత సులువుగా దొరికే ప్రాణి మరొకటి లేదు. అయినా తేనెటీగ ఫొటో అనగానే మాట లెన్సు దగ్గర మొదలై లెన్సు దగ్గరే ఆగిపోతోంది. ఏ లెన్సు ఎంత పెద్దగా చూపిస్తుంది, కంటిలోని గళ్లు కనబడతాయా, కాలి వెంట్రుకలు విడివిడిగా వస్తాయా అన్నవే ముందుగా వచ్చే ప్రశ్నలు. ఈ వరస తలకిందులైందని నా అభిప్రాయం. తేనెటీగ కోసం లెన్సు ఎంచుకునేవారు మొదట అడగవలసింది, అది ఎంత దూరం నుంచి చూడనిస్తుందని. ఈగకు జానెడు దూరంలో ఉండి, దాని పని చెడకుండా తీసిన బొమ్మే ఫొటోగా బాగుంటుంది, సమాచారంగానూ పనికొస్తుంది. కోనసీమ లాంటి తోటల సీమకు కావలసింది అటువంటి బొమ్మలే.

ముందు కొలతలు చూద్దాం. మన పెరళ్లలో ఎక్కువగా తిరిగే పుట్ట తేనెటీగ పొడవు సుమారు 10, 11 మిల్లీమీటర్లు. పొదల్లో, చిన్న కొమ్మలకు ఒకే ఒక్క పట్టు పెట్టే చిన్న తేనెటీగ 7 నుంచి 10 మిల్లీమీటర్లు. ఎత్తైన చెట్లకూ వాటర్ ట్యాంకులకూ పెద్ద పట్టు వేలాడదీసే కొండ తేనెటీగ 17 మిల్లీమీటర్ల పైమాటే. గోడల పగుళ్లలో కాపురముండే కుట్టని తేనెటీగ సుమారు 4 మిల్లీమీటర్లు. మాక్రో లెన్సు మీద 1:1 అని ఉంటే, వస్తువు ఎంత ఉందో సెన్సరు మీద దాని బొమ్మా అంతే పడుతుందని అర్థం. విద్యార్థుల చేతుల్లో ఎక్కువగా ఉండే ఏపీఎస్-సీ రకం కెమెరాలో సెన్సరు వెడల్పు 23 మిల్లీమీటర్ల చిల్లర. 1:1 దగ్గర పుట్ట తేనెటీగ ఆ వెడల్పులో దాదాపు సగం నిండుతుంది, 1:2 దగ్గర పావు వంతు. పావు వంతు అంటే వినడానికి చిన్నదే. కానీ 24 మెగాపిక్సెళ్ల బొమ్మ వెడల్పున 6,000 పిక్సెళ్లుంటాయి కనుక ఈగ ఒక్కదానికే సుమారు 1,400 పిక్సెళ్లు దక్కుతాయి. దినపత్రికలో రెండు కాలమ్‌ల వెడల్పున ఆ ఈగను అచ్చు వేయడానికి అది చాలు.

పెద్దగా తీసేకొద్దీ పోగొట్టుకునేదీ ఉంది. అదే కెమెరాలో, ఎఫ్/11 అపెర్చర్‌తో, 1:1 దగ్గర స్పష్టంగా కనిపించే లోతు మిల్లీమీటరు కూడా ఉండదు. 1:2కు దిగితే అది రెండున్నర మిల్లీమీటర్లు దాటుతుంది, అంటే దాదాపు మూడింతలు. మొదటి దానిలో కన్ను తేటగా ఉంటే రెక్క మసకబారుతుంది, రెక్క తేటగా ఉంటే కాలికి అంటిన పుప్పొడి ముద్ద కరిగిపోతుంది. రెండో దానిలో మూడూ ఒకే బొమ్మలో నిలిచే వీలుంది. అపెర్చర్‌ను ఇంకా మూసి లోతు పెంచుకోవచ్చు కదా అంటే, దానికీ హద్దుంది. 1:1 దగ్గర ఎఫ్/11 పెట్టినా కాంతి లెక్కలో అది ఎఫ్/22 లాగే పనిచేస్తుంది. ఇంకా మూస్తే కాంతి వంపు తిరిగి బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. కాబట్టి పరిమాణాన్ని సగానికి తగ్గించుకోవడం డబ్బులేనివాడి సర్దుబాటు కాదు. ఎంత ఖరీదైన లెన్సు చేతిలో ఉన్నా తేనెటీగ విషయంలో చాలాసార్లు అదే సరైన నిర్ణయం.

ఇక దూరం. 60 మిల్లీమీటర్ల మాక్రో లెన్సుతో 1:1 బొమ్మ కావాలంటే లెన్సు ముందు గాజు నుంచి ఈగకు బెత్తెడు కంటే కాస్త ఎక్కువ మిగులుతుంది. 100, 105 మిల్లీమీటర్ల లెన్సులతో 13 నుంచి 15 సెంటీమీటర్లు, 180 రకంతో 25 సెంటీమీటర్ల దాకా దొరుకుతుంది. 100 రకం లెన్సుతోనే 1:2 పరిమాణానికి వెనక్కి జరిగితే ఇంచుమించు జానెడు చేతికొస్తుంది. బెత్తెడు దూరంలో లెన్సు నీడ పువ్వు మీద పడుతుంది, మన ఊపిరి రేకులను కదుపుతుంది, ఫ్లాష్ వెలుగు పక్క నుంచి రావడానికి సందుండదు. జానెడు దూరంలో ఈ మూడు బెడదలూ తగ్గుతాయి. పొడవైన లెన్సుకు మరో సుగుణం ఉంది. అది ఈగ వెనక కొద్ది జాగానే చూస్తుంది. కొబ్బరితోటలో మట్టల సందుల నుంచి పడే తెల్లటి ఆకాశపు ముక్కలు బొమ్మను పాడుచేస్తుంటాయి. ఒక అడుగు పక్కకు జరిగితే వాటిని తప్పించి పచ్చటి నీడను వెనక ఉంచుకోవచ్చు. 180 రకం బరువు, ధర, చేతి వణుకు కలిసి దాన్ని ఎక్కువమందికి దూరం చేస్తాయి. 90 నుంచి 105 మిల్లీమీటర్ల మధ్య లెన్సునే నేను సమర్థిస్తాను.

అసలు మాక్రో లెన్సే కొనాలా అన్నది న్యాయమైన సందేహం. అక్కర్లేదు. కెమెరాతో పాటు వచ్చే 55-200, 55-250 వంటి జూమ్ ముందు ఒక మంచి క్లోజప్ లెన్సు తగిలిస్తే పని జరుగుతుంది. ఇది దగ్గరి చూపు కళ్లద్దాల సూత్రమే. ఐదు డయాప్టర్ల పవర్ ఉన్న గాజు మీటరులో ఐదో వంతు, అంటే 20 సెంటీమీటర్ల దూరంలోని వస్తువును స్పష్టపరుస్తుంది. జూమ్‌ను దూరపు ఫోకస్‌లో ఉంచి ఇలాంటి గాజు తగిలిస్తే, 200 మిల్లీమీటర్ల దగ్గర 1:1, 100 దగ్గర 1:2 వస్తుంది. పరిమాణం ఏదైనా ఈగకూ మనకూ మధ్య జానెడు దూరం మారదు. రేనాక్స్ డీసీఆర్-150 అనే 4.8 డయాప్టర్ల గాజు ఈ పనికి పేరుపడింది. దాని అన్న లాంటి డీసీఆర్-250 పవర్ 8. మరింత పెద్దగా చూపుతుంది కానీ దూరాన్ని 12 సెంటీమీటర్లకు కుదిస్తుంది. కనుక తేనెటీగకు మొదటిదే మేలు. లెన్సుకూ కెమెరాకూ మధ్య పెట్టే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు, లెన్సును తిరగేసి బిగించే రివర్స్ రింగు ఇంకా చవక. నిలకడగా ఉండే ముగ్గు చిప్పకో విత్తనానికో అవి బాగా పనికొస్తాయి. 50 మిల్లీమీటర్ల లెన్సుతో వాడితే దూరం మళ్లీ బెత్తెడుకు పడిపోతుంది కాబట్టి తేనెటీగకు వాటిని సిఫారసు చేయలేను. ఖరీదైన లెన్సు కొనేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. గోదావరి పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న ఈ నేల గాలిలో తేమ ఎక్కువ. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచిన లెన్సుకు ఒక్క వానకాలం చాలు, గాజు లోపల బూజు పడుతుంది. గాలి చొరని డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు ఉంటే ఆ నష్టం తప్పుతుంది.

లెన్సు తర్వాత వెలుగు. నిజానికి తేనెటీగ ఫొటోలో లెన్సు కంటే వెలుగే ఎక్కువ తేల్చుతుంది. తేనెటీగ ఎగిరేటప్పుడు రెక్కలు సెకనుకు 230 సార్లు కొట్టుకుంటాయి. షట్టరు వేగం సెకనులో వెయ్యో వంతు పెట్టినా ఆలోపు రెక్క తన చుట్టులో పావు భాగం తిరిగేస్తుంది. ఫ్లాష్‌ను తక్కువ పవర్‌లో పేలిస్తే వెలుగు సెకనులో పదివేలో వంతు లేదా అంతకంటే తక్కువ సేపే ఉంటుంది. రెక్కను నిలబెట్టేది ఆ క్షణికమైన వెలుగే. అదే వెలుగు ఎఫ్/11 దగ్గర కావలసిన కాంతిని కూడా ఇస్తుంది. అయితే దాన్ని నేరుగా కొట్టకూడదు. తేనెటీగ వీపు నున్నగా మెరుస్తుంది, కళ్లు అంతకంటే మెరుస్తాయి. తెల్లటి పలచని ప్లాస్టిక్ షీటో, రెండు పొరల ట్రేసింగ్ కాగితమో ఫ్లాష్ ముందు వంచి కట్టి, వెలుగు వెడల్పాటి జాగా నుంచి మెత్తగా పడేలా చూడాలి. ఆ తెర ఈగకు ఎంత దగ్గరగా, ఎంత వెడల్పుగా ఉంటే నీడలు అంత మెత్తబడతాయి. జానెడు దూరం లేకపోతే ఆ తెరకు చోటే ఉండదు. ఫ్లాష్ ఈగను బాధిస్తుందనే అభ్యంతరం తరచు వినిపిస్తుంది. పువ్వు మీద ఉన్న ఈగ తక్కువ పవర్ ఫ్లాష్ వెలిగినా తేనె తాగుతూనే ఉండడం సాధారణంగా కనిపించేదే. దాన్ని లేపేది మన చేతి కదలిక, మన నీడ, మనం ఊపే కొమ్మ. పట్టు దగ్గర సంగతి వేరు. అక్కడ ఫ్లాష్ వాడవద్దనే నేనూ అంటాను.

పద్ధతి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పువ్వు నుంచి పువ్వుకు వెంటబడితే ఈగ దొరకదు. ఒక పూలగుత్తి ఎంచుకుని దాని దగ్గర ఆగితే అదే వస్తుంది. ఫోకస్‌ను ఒక పరిమాణం దగ్గర స్థిరపరిచి, ఒంటిని వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ వంచుతూ కన్ను తేటపడిన క్షణంలో నొక్కాలి. కెమెరా వెనక భాగం ఈగ ఒంటికి సమాంతరంగా ఉంటే ఆ రెండున్నర మిల్లీమీటర్ల లోతు మొత్తం ఈగకే దక్కుతుంది. గాలి వీచే పూట మాత్రం ఎంతటివారికైనా నిరాశే. కోనసీమలో గాలి పడిపోయి ఉండే ఉదయాలు చలికాలంలోనే ఎక్కువ.

ఇంతకంటే బలమైన ఆక్షేపణ మరొకటి ఉంది. పెద్దగా చూపడమే కదా మాక్రో గొప్పతనం, దాన్ని వదులుకోమంటే ఎలా అన్నది. అమెరికా భూగర్భ సర్వే సంస్థకు చెందిన తేనెటీగల ప్రయోగశాలలో శామ్ డ్రోగీ బృందం తీసిన బొమ్మలే దీనికి సాక్ష్యంగా చూపవచ్చు. నల్లటి నేపథ్యం మీద, ఒకే ఈగకు వేర్వేరు లోతుల్లో తీసిన బొమ్మలను కలిపి, వెంట్రుక వెంట్రుకా కనిపించేలా కూర్చిన ఆ చిత్రాలు 2015లో పుస్తకంగా కూడా వచ్చాయి. వాటి అందం, శాస్త్ర ప్రయోజనం రెండూ నిజం. కానీ అవి సేకరించి శుభ్రం చేసిన చనిపోయిన ఈగలవి. ఒక జాతి శరీరం ఎలా ఉంటుందో అవి చెబుతాయి. ఆ ఈగ ఏ ఊళ్లో, ఏ పువ్వు మీద, ఏ నెలలో వాలిందో చెప్పడం వాటి పని కాదు. 1858లో ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్ ఇండొనేషియాలో సేకరించిన ప్రపంచంలోకెల్లా పెద్ద తేనెటీగ 1981 తర్వాత మళ్లీ బతికి కనబడింది 2019 జనవరిలో. ఫొటోగ్రాఫర్ క్లే బోల్ట్ అప్పుడు తీసిన ఫొటోలకు అంత విలువ రావడానికి కారణం, ఆ ఈగ ప్రాణంతో తన చోట ఉండడమే. 2022లో వన్యప్రాణి ఫొటోల ప్రపంచ పోటీలో మొదటి బహుమతి తెచ్చుకున్న కరీన్ ఐగ్నర్ బొమ్మలోనూ టెక్సస్ నేల మీద పొర్లాడుతున్న బ్రహ్మజెముడు తేనెటీగలు ఉన్నాయి. ఒక్క ఈగ కంట్లో గళ్ల కోసం ఆమె వెతకలేదు. ఆ జీవుల బతుకులో ఒక ఘట్టాన్ని నేల మట్టానికి దిగి చూపించారు.

ప్రయోగశాల చిత్రాల్లాంటి నున్నటి, నిశ్చలమైన బొమ్మల మోజులో కొందరు ఈగను పట్టి ఫ్రిజ్‌లో చల్లబరిచి, కదలలేని స్థితిలో పువ్వు మీద పెట్టి తీస్తున్నారు. కాసేపటికి తేరుకుని ఎగిరిపోతుందిలే అని సమర్థించుకుంటారు. ఎగిరే కండరాలు వేడెక్కితే తప్ప తేనెటీగ లేవలేదు. ఆలోపు చీమకో, తొండకో, ఎండకో అది దొరికిపోయే స్థితి. పైగా ఆ బొమ్మ అబద్ధం చెబుతుంది. ఆ పువ్వును అది ఎంచుకోలేదు, ఆ కూర్చోవడం దాని కూర్చోవడం కాదు. నిశ్చలమైన ఈగే కావాలంటే ప్రకృతిలోనే దారి ఉంది. పొట్ట మీద నీలిచారలున్న ఒంటరి తేనెటీగల్లో మగవి సందెవేళ ఎండుపుల్లనో గడ్డికాడనో దవడలతో కరిచి పట్టుకుని రాత్రంతా అలాగే నిద్రపోతాయి. ఒకే పుల్ల మీద పలు ఈగలు వరసగా ఉండడం కూడా మామూలే. చీకటి పడేవేళ, తెల్లవారుజామున, వాటిని తాకకుండా, పుల్ల కదపకుండా ఎన్ని బొమ్మలైనా తీసి కలుపుకోవచ్చు. 1:1 అయినా, అంతకు రెట్టింపైనా వాడవలసిన సందర్భం అది.

ఇప్పుడు సెల్‌ఫోన్లే మాక్రో తీస్తున్నాయి కదా, ఈ లెన్సుల గొడవ ఎందుకని మరో మాట. ఫోన్లను తీసిపారేయను. ఎక్కువ ఫోన్లలో మాక్రో పని చేసేది వెడల్పాటి చూపున్న చిన్న కెమెరా. అది ఈగకు 2 నుంచి 4 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లమంటుంది. అంత దగ్గరికి చేరేసరికి ఫోను నీడ పువ్వంతా కమ్ముతుంది, ఈగ లేచిపోతుంది. ఫోనులో బలం వేరే చోట ఉంది. రెండడుగుల దూరం నుంచి జూమ్‌తో తీసిన స్లో మోషన్ వీడియో, ఈగ పువ్వులో ఎటు నుంచి దూరుతోంది, కేసరాలను తాకుతోందా, పక్క నుంచి తేనె దొంగిలించి పోతోందా అన్నది పట్టి ఇస్తుంది. ఖరీదైన ఫొటోలో కనబడని సంగతి అది. కొత్త ఫోన్లలో కొన్నింటికి దూరం నుంచే దగ్గరగా చూపే టెలీ లెన్సు వస్తోంది. నేను చెబుతున్న జానెడు దూరం వాటిలో దొరుకుతుంది కాబట్టి వాటిమీద నాకు ఏ అభ్యంతరమూ లేదు.

ఫొటో చూసి జాతి చెప్పలేమని శాస్త్రవేత్తలు అనే మాటలో కొంత నిజముంది. కుట్టని తేనెటీగల్లో దగ్గరి జాతులను, ఒంటరి ఈగల్లో అనేక జాతులను బొమ్మను బట్టి తేల్చడం సాధ్యం కాదు. అయితే మన తోటల్లో ప్రధానమైన తేనెటీగల విషయంలో అంత ఇబ్బంది లేదు. కొండ తేనెటీగ పరిమాణం, పొగచూరినట్టుండే రెక్కలు, చిన్న తేనెటీగ పొట్ట మొదట్లోని ఎర్రటి భాగం, పుట్ట తేనెటీగ పొట్ట నిండా ఉండే చారలు బొమ్మలో తెలిసిపోతాయి. పెట్టెల్లో పెంచే ఐరోపా తేనెటీగనూ మన పుట్ట తేనెటీగనూ వేరు చేయడంలోనే తడబాటు వస్తుంది. దానికీ ఒక గుర్తుంది. పుట్ట తేనెటీగ వెనక రెక్కలో ఒక ఈనె అదనంగా ముందుకు సాగి ఉంటుంది, ఐరోపా ఈగలో అది ఉండదు. అందుకే ముఖం ఒక్కటే తీసి తృప్తి పడకుండా, రెక్క పరుచుకుని కనిపించేలా పక్క నుంచి ఒకటి, పైనుంచి ఒకటి, ఆకులతో సహా మొక్క తెలిసేలా వెనక్కి జరిగి ఒకటి తీయమంటాను. మొక్క బొమ్మ లేని తేనెటీగ ఫొటో విలువలో సగం పోగొట్టుకున్నట్టే.

కోనసీమకు ఇది వినోదం మాత్రమే కాకపోవడానికి కారణం కొబ్బరి. మన పొడవు రకాల్లో ఒకే పూగెలలో మగపూలు ముందు విచ్చుకుని రాలిపోతాయి, ఆడపూలు ఆ తర్వాత సిద్ధమవుతాయి. కాబట్టి పుప్పొడి మరో గెల నుంచి, ఎక్కువగా మరో చెట్టు నుంచి రావాలి. గాలి కొంత తెస్తుంది, తేనెటీగలు కొంత తెస్తాయి. ఏ ఈగ మగపూల మీద పుప్పొడి మూటగట్టుకుని ఆడపూల వైపు చూడకుండా పోతోంది, ఏది రెండింటి మీదా తిరుగుతోంది అన్నది ఊరూరా ఫొటోలతో నమోదు చేయదగ్గ విషయం. పొడవు చెట్ల గెలలు ఏ మాక్రో లెన్సుకూ అందవు. గంగాబొండాం వంటి పొట్టి రకం లేత చెట్ల మీద పూగెల మనిషి కంటి ఎత్తులో ఉంటుంది. ఆ గంగాబొండాన్ని తండ్రిగా పెట్టి గోదావరి గంగ అనే సంకర రకాన్ని తయారుచేసిన అంబాజీపేట పరిశోధన కేంద్రం మన పక్కనే ఉంది. కొబ్బరి దాదాపు నెలకొక గెల చొప్పున ఏడాది పొడవునా పూస్తుంది కనుక ఏ నెలలో మొదలుపెట్టినా పని దొరుకుతుంది. కొబ్బరిలో అంతరపంటగా వేసే కోకోకు మాత్రం తేనెటీగ పనికిరాదు. దాని పువ్వుకు పరాగసంపర్కం చేసేవి నలకంత దోమ జాతి ఈగలు. ఆ తేడా కూడా రైతుకు బొమ్మలో చూపితేనే నాటుకుంటుంది.

మందుల సంగతి ఇక్కడే వస్తుంది. 2016లో పొల్లాచ్చి దగ్గర మన దేశంలో మొదటిసారి కనబడిన సర్పిలాకార తెల్లదోమ కోనసీమ తోటలకూ పాకింది. దాని మీద రసాయనాలు చల్లవద్దని, మిత్రపురుగులనూ మిత్ర శిలీంద్రాలనూ వాడాలని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఆ సలహా పాటించిన తోటలో, పాటించని తోటలో పూగెల మీద ఏయే ఈగలు వాలుతున్నాయో పక్కపక్కన పెట్టి చూపగల బొమ్మలు ఉంటే ఆ మాటకు బలం వస్తుంది. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిన పుట్ట తేనెటీగల పట్లను ఊడ్చిపెట్టింది. అటువంటి విపత్తు మళ్లీ వస్తే, దానికి ముందు మన ఊళ్లలో ఏముండేదో చెప్పడానికి తేదీ వేసిన ఫొటోల కంటే చవకైన ఆధారం లేదు.

జాగ్రత్త గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. కొండ తేనెటీగల పట్టు మాక్రో లెన్సుకు వస్తువే కాదు. దాన్ని తీయాలంటే 300, 400 మిల్లీమీటర్ల లెన్సుతో, ఈగలు వచ్చిపోయే దారికి అడ్డం లేకుండా, దూరంగా నిలబడాలి. ఫొటో కోసం ఎవరో రెచ్చగొట్టిన పట్టు కసి, ఆ తర్వాత చెట్టెక్కిన దింపు కార్మికుడి మీద తీరుతుంది. తేనెటీగ కుట్టినప్పుడు వెలువడే హెచ్చరిక వాసనలో పండిన అరటిపండు వాసననిచ్చే పదార్థమే ఉంటుంది. రావులపాలెం గెలలు ఇంటింటా ఉండే సీమ మనది. అరటిపండు తిన్న చేతులతో ఏ పట్టు దగ్గరికీ వెళ్లకూడదు.

అమలాపురంలో ఎస్.కె.బి.ఆర్. కళాశాల వంటి చోట్ల వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం చదివే పిల్లలున్నారు. వాళ్లలో ఎవరూ లక్ష రూపాయల లెన్సు కొననక్కర్లేదు. కళాశాల తన ప్రయోగశాల ఖర్చులో ఐదు డయాప్టర్ల గాజులు రెండో మూడో కొని, పుస్తకాల్లాగే అరువిస్తే చాలు. పిల్లల దగ్గరున్న పాత జూమ్‌లకే అవి సరిపోతాయి. తీసిన ప్రతి బొమ్మకూ తేదీ, ఊరు, మొక్క పేరు, వేళ రాసి ఐనేచురలిస్ట్‌లోనో ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో పెట్టాలి. జాతి తెలియకపోతే తెలియదనే రాయవచ్చు, తెలిసినవారు తర్వాత సరిదిద్దుతారు. కొబ్బరి మీద తీసిన వాటి ప్రతిని అంబాజీపేట కేంద్రానికి పంపాలి, కేంద్రం వాటిని రైతు శిక్షణలో వాడుకోవాలి. మొదటి ఏడాదికి మండలానికి ఒక గంగాబొండాం తోట, ఒక మునగ చెట్టు, ఒక తులసికోట ఎంచుకుని, నెలకొకసారి అదే చోట, అదే పూటలో తీస్తే సరిపోతుంది.